నొప్పి లేని పుండు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నన్ను వికారాబాద్‌లో మిషన్ వాళ్ళ దవాఖానలో నర్సు పని నేర్చుకోవడానికి చేర్చారు. మాది పెద్దేముల్ అవతల ఒక చిన్న పల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన ఒకరి పొలంలో జీతం ఉండేవాడు. అతనూ జ్వరంతో పోయాక, ఆదివారాలు మా పల్లెకు వచ్చే పాస్టరు గారు నన్ను రైలెక్కించి తీసుకొచ్చి అక్కడ అప్పగించారు. చదవడం, రాయడం వచ్చు. వెనక్కి పోవడానికి ఇల్లు లేదు. అందుకే కాబోలు, పని తొందరగానే పట్టుబడింది.

మాకు పని నేర్పిన పెద్ద నర్సమ్మది బీదర్ వైపు. తెలుగు మాట్లాడుతూ మధ్యలో కన్నడంలోకి జారేది. ఒక రోజు ఒక బండివాడు వచ్చి, చెప్పుకోలేని చోట పుండు లేచిందని డాక్టరు గారికి చూపించుకున్నాడు. గుండ్రంగా, అంచులు గట్టిపడి, శుభ్రంగా ఉన్న పుండు. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. చీము కూడా లేదు. మాకు అది చిన్న సంగతిగా కనిపించింది. అతను వెళ్ళాక నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. నొప్పి ఉంటే మనిషి పరుగెత్తుకొస్తాడు, నొప్పి లేని పుండు కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది, పీడ పోయిందనుకుని వాడు మందు మానేస్తాడు, రోగం మాత్రం నెత్తుట్లో కూర్చుంటుంది అని. ఆ తరువాత అరచేతుల్లో, అరికాళ్ళలో రాగిరంగు మచ్చలు వస్తాయి. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అదీ తగ్గిపోతుంది. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి ఏమీ కనిపించదు.

డాక్టర్లు సిఫిలిస్ అనే ఆ రోగాన్ని మా వైపు గర్మీ అనేవాళ్ళు. కొందరు సవాయి అనేవాళ్ళు. ఒంటేలుకు పోతే మంట, చీము వచ్చేది వేరే రోగం. దాన్ని సెగ అనో, సూజాక్ అనో అనేవాళ్ళు. దానికి గాజు పలక మీద చీము పూసి, ఆరబెట్టి, నీలిరంగు పోసి, మైక్రోస్కోపు అనే దుర్భిణిలో చూడాలి. చీముకణాల లోపల కందిపప్పు బద్దల్లా రెండేసి జంటగా, కడుపులు ఎదురెదురుగా పెట్టుకున్నట్టు కనిపించే పురుగులు ఉంటే అదే సెగ. మొదటిసారి నేనే చూసి పోల్చుకున్న రోజు సంతోషంతో నవ్వాను. నవ్వాక ఆ మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆ రోజుల్లో చాలామంది ముందు హకీముల దగ్గరికో, నాటువైద్యుల దగ్గరికో పోయి రసకర్పూరం తిని వచ్చేవాళ్ళు. అది పాదరసంతో చేసిన మందు. నోరు వాచి, చిగుళ్ళు నల్లబడి, లాలాజలం ధారగా కారుతుంటే మా దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళు. దవాఖానలోనూ నరానికి ఒక సూది, పిరుదుకు ఒక సూది అంటూ నెలల తరబడి సాగేది. సగంమంది మధ్యలోనే మాయమయ్యేవాళ్ళు. పెన్సిలిన్ వచ్చాక అదంతా పోయింది. వరసగా కొన్ని రోజులు సూది తీసుకుంటే చాలు, రోగం తెగిపోయేది. మా కళ్ళ ముందే జరిగిన ఈ మార్పును ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు.

పని నేర్చుకోవడం అయ్యాక నాకు తాండూరు సర్కారీ దవాఖానలో ఉద్యోగం దొరికింది. పెంకుటిల్లు లాంటి చిన్న దవాఖాన. ఊరి చుట్టూ నాపరాయి గనులు. ఎండాకాలం ఏది ముట్టుకున్నా వేళ్ళకు తెల్లటి దుమ్ము అంటేది. డాక్టరు గారు హైదరాబాద్ పట్నపు మనిషి, వయసు పైబడినవారు. ఇంట్లో ఉర్దూ, దవాఖానలో తెలుగు. భార్య పోయింది. ఎక్కువ మాట్లాడేవారు కారు. నేను చేరిన మొదటి వారంలోనే నాతో ఒక మాట అన్నారు.

"సిస్టర్, ఈ రోగాలు ఊర్ల మస్తుగున్నయి. మొగోళ్ళు నా దగ్గరికి దొంగ లెక్క వస్తరు. ఆడోళ్ళు అసలే రారు. వాళ్ళను నువ్వే గుర్తుపట్టాలె."

గుర్తుపట్టే దారి కూడా ఆయనే చూపించారు. కాన్పులకో, పిల్లల జ్వరాలకో వచ్చిన ఆడవాళ్ళను రోగం మాట ఎత్తకుండా కాన్పుల సంగతి వరసగా అడగమన్నారు. మొదటిది కడుపులోనే పోయి, తరువాతది నెలలు నిండాక చచ్చి పుట్టి, ఆ తరువాతది పుట్టి కొన్నాళ్ళకే పోయి, చివరికి ఒకటి దక్కిందంటే, ఆ తల్లి నెత్తురు తీసి హైదరాబాద్ పంపించాలి. ఆ వరసే రోగం చెప్పే సాక్ష్యం. నేను ఎంతోమందిని అలా అడిగాను. పోయిన పిల్లల గురించి అంతకుముందు వాళ్ళను ఎవరూ వరసగా అడిగి ఉండరు. కొందరు చెబుతూ చెబుతూ ఆగిపోయేవాళ్ళు.

మగవాళ్ళు మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెనక వసారాలోకి వచ్చేవాళ్ళు. గనుల్లో పనిచేసేవాళ్ళు, గడ్డిమోపులు అమ్ముకునేవాళ్ళు, ధాన్యం అడ్తీ దుకాణాలవాళ్ళు, యాలాల్ వైపు రైతులు. దాదాపు అందరూ తమ దోస్తు సంగతి అడగడానికి వచ్చామనేవాళ్ళు. సూది వేసేది నేనే కాబట్టి ఊళ్ళో సగంమంది గుట్టు నాకు తెలుసని ఊరికి అర్థమైంది. దాంతో బజారులో ఎదురైన మగవాళ్ళు తల పక్కకు తిప్పుకునేవాళ్ళు. నాతో మాట్లాడుతూ కనిపిస్తే ఇంట్లో ఏమనుకుంటారోనని ఆడవాళ్ళు వెనకాడేవాళ్ళు. నేనుండే గది ఇంటావిడ మంచిదే, కానీ నేను తోడుకున్నాక బావి దగ్గర గట్టు కడిగించేది. అది నా కులం వల్లనో, నా పని వల్లనో నాకు ఎప్పటికీ తెలియలేదు. అడగలేదు కూడా.

ఒకసారి వికారాబాద్ నుంచి నాకు సంబంధం వచ్చింది. అబ్బాయి రైల్వేలో పని. వాళ్ళమ్మ నన్ను చూడడానికి తాండూరు వచ్చి, సరాసరి దవాఖానకే వచ్చింది. వెనక వసారాలో తలలు వంచుకుని కూర్చున్న మగవాళ్ళను చూసి వీళ్ళకేం రోగమని అడిగింది. నేను దాచలేదు. ఆమె చాయ్ తాగింది, నా చేతులకేసి చూసింది, మంచిదమ్మా అని లేచి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ కబురూ రాలేదు. ఆ తరువాత ఇంకో సంబంధం కూడా రాలేదు.

ఒక ఇంటి కోడలు మా దవాఖానకు వచ్చింది ఆ ఏడు వానాకాలంలోనే. కందుల వ్యాపారం చేసే ఇంటివాళ్ళు. టాంగాలో దుప్పటి చుట్టి తీసుకొచ్చారు. నెలలు నిండాక బిడ్డ కడుపులోనే చనిపోయింది. కాన్పు చేసింది నేనే. పుట్టిన శిశువు ఒంటిమీద తోలు ముట్టుకుంటే ఊడివచ్చేది. గుడ్డ చుట్టి పక్కకు పెట్టి, తల్లి నెత్తురు ఆగేదాకా దగ్గరే కూర్చున్నాను. ఇరవై నిండీ నిండని మనిషి. అది ఆమె మూడో కాన్పట. మూడూ అట్లాగే పోయాయి.

డాక్టరు గారు శిశువును చూసి, నా వంక చూశారు. నెత్తురు తీసి సీసాలో పోసి హైదరాబాద్ పోయే బండిలో పంపాం. ఆమె మంచంలో ఉన్న ఆ రోజుల్లో నేను మెల్లమెల్లగా అడిగాను. పెళ్ళయిన కొత్తలో అరచేతుల్లో మచ్చలు వచ్చాయా? వచ్చాయంది. జుట్టు ఊడిందా? దువ్వెన నిండా వచ్చేదట. వేడి చేసిందని అత్తగారు సబ్జా నీళ్ళు తాగించిందట. నొప్పి ఏమీ లేదు కాబట్టి ఎవరూ దవాఖాన మాట ఎత్తలేదు. ఇదంతా ఆమె పైకప్పు చూస్తూ చెప్పింది. పిల్ల లేకపోయినా పాలు వచ్చేశాయి. రొమ్ములకు గుడ్డ బిగించి కడుతుంటే మాత్రం ఏడ్చింది.

పరీక్ష జవాబు మేము అనుకున్నట్టే వచ్చింది. డాక్టరు గారు భర్తను పిలిపించారు. అతనూ చిన్నవాడే, ముప్పై లోపు. వ్యాపారం మీద గుల్బర్గా, షోలాపూర్ తిరిగేవాడు. ఇద్దరూ కలిసి సూదులు తీసుకోవాలని, భార్య ఒక్కతే తీసుకుంటే మళ్ళీ ఆమెకు అంటుతుందని డాక్టరు గారు నిమ్మళంగా చెప్పారు. అతను కూర్చున్నచోటి నుంచి లేచాడు. తన ఇంట్లో అలాంటి రోగం లేదన్నాడు. ఆమె జాతకంలోనే సంతానం లేదని పంచాంగం చెప్పే అయ్యగారు ఎప్పుడో చెప్పాడన్నాడు. అప్పటికప్పుడు భార్యను టాంగాలో ఎక్కించుకుని తీసుకుపోయాడు. ఆమెను సేడం దగ్గరున్న పుట్టింటికి పంపించి, అతనికి ఇంకో పెళ్ళి చేస్తారని కొన్నాళ్ళకు ఊళ్ళో అనుకున్నారు.

కాన్పయిన మనిషిని ఇంటికి పోయి చూసి రావడం నా పనిలో భాగమే. కాబట్టి నేను వాళ్ళింటికి పోవడంలో వింత లేదు. వెనక గదిలో చాప మీద కూర్చుని ఉందామె. పక్కన ఎవరూ లేరు. తన ఒంటి సంగతి తనకు చెప్పవచ్చునని డాక్టరు గారు అనుమతి ఇచ్చారు. మెల్లగా చెప్పాను. ఇది శాపం కాదు, జాతకం కాదు, నెత్తుట్లో ఉన్న రోగం, మందు ఉంది, మందు తీసుకుంటే బతికే పిల్లలు పుడతారు అన్నాను. ఆమె చాప అంచు గిల్లుతూ విన్నది.

"నాకెట్ల వచ్చింది అక్కా?" అంది చివరికి. "నేను గడప కూడ దాటలే గద."

నా దగ్గర దానికి జవాబు ఉంది. ఆమె నా ముఖం చూసింది. ఆ చూపులోనే ఆమెకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు తిరిగింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆ ఇంట్లో నన్ను లెమ్మని ఎవరూ అనకపోవడం నాకు ఆశ్చర్యమనిపించింది.

బయటికి వస్తుంటే పెరట్లో అత్తగారు ఎదురైంది. పొడుగాటి మనిషి, భర్త పోయి చాలా ఏళ్ళయింది. చేటలో కందులు చెరుగుతూ ఉంది. నన్ను చూసి చేట దించింది. తిడుతుందనుకున్నాను. దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"పుట్టిన పిల్లకు తోలు ఊడొచ్చిందా బిడ్డా?"

నేను అవునన్నాను. ఆమె పెరటి గోడకేసి చూస్తూ నిలబడింది.

"నాకు గుడ గట్లనే పుట్టిండ్రు. వీని కంటె ముంగట పుట్టినోళ్ళందరు. మంత్రసాని నన్ను చూడనియ్యలే. నేనే గుడ్డ తీసి చూసిన. మా ఆయన గప్పుడు హకీం మందు తింటుండె. నోట్లకెల్లి నీళ్ళు కారుతుండె, దుప్పటంత తడిసేది. ఏం రోగమో నాకెవ్వరు చెప్పలే." నా వైపు తిరిగి, "గా రోగమేనా?" అంది.

ఒకరి రోగం ఇంకొకరికి చెప్పకూడదు. తల్లికైనా, అత్తకైనా సరే. అది డాక్టరు గారి మాట, నేను నేర్చుకున్న పని కూడా అదే. ఆమె మాత్రం సంగతంతా తెలిసి నా ఎదుట నిలబడి ఉంది.

"అమ్మా, మీ కొడుకును దవాఖానకు తీస్కరండ్రి," అన్నాను. "మీరు గుడ రండ్రి. మీకు కూడ నెత్తురు పరీక్ష చేస్తరు."

ఆమె నా వైపు చూసి తల ఊపింది. చేట ఎత్తుకుని లోపలికి పోయింది.

తరువాతి అంగడి రోజున జనం అంతా బజారులో ఉన్నప్పుడు ఆమె వచ్చింది. వెనక కొడుకు, అతని వెనక కోడలు. ఆమె కొడుకుతో ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో నాకు తెలియదు. తండ్రి సంగతి చెప్పి ఉంటుందని నా అనుమానం. అతని ముఖం ఒక్క వారంలో పాలిపోయింది. డాక్టరు గారు పాతమాట ఎత్తలేదు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అన్నీ మొదటి నుంచి అడిగారు. పెళ్ళికి ముందు గుల్బర్గాలో ఒకసారి చిన్న పుండు వచ్చి మానిపోయిందని అతను ఒప్పుకున్నాడు. మానింది కదా అని మరిచిపోయాడట.

సూది మందు పడని వాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ముందు చేతి మీద చిన్న చుక్క ఎక్కించి, కాసేపు కూర్చోబెట్టి చూసేవాళ్ళం. ముగ్గురికీ అట్లాగే చేశాను. అత్తగారి నెత్తురు పరీక్షలో కూడా రోగం ఉందనే వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆమె ఒంట్లో చప్పుడు లేకుండా ఉండిపోయింది. మొదటి సూది పడ్డ సాయంత్రం కొడుక్కు వణుకు, జ్వరం వచ్చాయి. మందు పడ్డాక పురుగులు చస్తుంటే అట్లా రావడం మామూలేనని డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి భయపడలేదు. మరునాడు తనంతట తానే వచ్చాడు.

ఆఖరు సూది రోజున అతను చొక్కా సర్దుకుని వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగాడు.

"నర్సమ్మా, పోయిన పిల్లలు నా వల్లనేనా?"

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది.

"గప్పుడు మీకు తెల్వదు సేటూ. ఇప్పుడు తెలిసింది. ఇగ పుట్టేటోళ్ళు మీ చేతుల ఉన్నరు," అన్నాను.

అతను చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నాతో అతను మాట్లాడిన ఆఖరి మాట అదే.

అత్తగారు మాత్రం సూదులు అయిపోయాక కూడా వస్తూ ఉండేది. మోకాళ్ళ నొప్పులని చెప్పి చీటీ రాయించుకుని, జనం పోయాక సూదులు వేసే గది ముందు బెంచీ మీద కూర్చునేది. మొదటిసారి వచ్చినప్పుడు ఆకులో చుట్టిన కందిపొడి బల్ల మీద పెట్టి చేయి వెనక్కి తీసుకుంది. తరువాత తరువాత చేతికే ఇచ్చేది. మేము మాట్లాడుకున్నది పోయిన పిల్లల గురించే. వాళ్ళ గురించి ఆమె అంతవరకు ఎవరితోనూ మాట్లాడలేదు. అత్త బతికుండగా ఏడవనిచ్చేది కాదట. భర్త పోయేదాకా ఆ ఊసు ఎత్తనివ్వలేదట. ఒకడికి పుట్టుకతోనే ఒత్తుగా జుట్టు ఉందని, ఒకతె ఒకపూట ఊపిరి పీల్చి పోయిందని చెప్పేది. పేర్లు పెట్టని పిల్లలు. వాళ్ళందరినీ ఆమె విడివిడిగా గుర్తుపెట్టుకుంది.

ఒకనాడు సూదులు ఉడకబెట్టే గిన్నె వైపు చూస్తూ, "గీ సూది గప్పుడు ఉంటే ఎంత మంచిగుండు బిడ్డా," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ ఊళ్ళో నేను ఒక మనిషిని నర్సుగా కాకుండా ముట్టుకోవడం అదే మొదలు అనుకుంటాను.

ఆమె వచ్చే రోజుల కోసం ఎదురుచూడడం నాకు అలవాటైంది. ఆదివారం చర్చి ప్రార్థనకు పోయి వచ్చాక మిగిలిన పొద్దంతా గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. రైళ్ళ కూతలు వింటూ ఏ బండి ఎటు పోతున్నదో చెప్పగలిగేదాన్ని. పండుగకు పిలిచేవాళ్ళు లేరు. జ్వరం వస్తే నా నుదుటి మీద చెయ్యి నేనే పెట్టుకుని చూసుకునేదాన్ని. ఇదంతా ఆమెకు నేను చెప్పలేదు. ఆమెకు ఎట్లా తెలిసిందో, ఒకసారి అడక్కుండానే నా తల ఒళ్ళోకి లాక్కుని నూనె రాసింది.

కోడలికి మళ్ళీ నెల తప్పింది. డాక్టరు గారు ఇంకోసారి నెత్తురు పరీక్ష చేయించి, జాగ్రత్త కోసం ఇంకొన్ని సూదులు వేయించారు. నెలలు నిండుతున్నకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు. కాన్పు పగలే అయింది. ఆడపిల్ల. బయటికి రాగానే ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని వీపు నిమిరితే ఒక్కసారిగా కేరుమంది. నేను ముందు చూసింది అరచేతులు, అరికాళ్ళు. నున్నగా, ఎర్రగా ఉన్నాయి. ఒక్క పొక్కు లేదు, తోలు ఎక్కడా ఊడలేదు. కళ్ళలో మందు చుక్కలు వేసి, గుడ్డలో చుట్టి అత్తగారి చేతిలో పెట్టాను. మగపిల్లవాడు కాలేదే అంటుందేమోనని ఆమె ముఖం చూశాను.

"ఏడుస్తుంది గద బిడ్డా," అంది. "ఏడ్వనీ. మంచిగ ఏడ్వనీ."

డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి ఆ ఏడుపు కాసేపు విని వెళ్ళిపోయారు. మరుసటి ఏడు ఆయన ఉద్యోగం నుంచి దిగి పట్నం వెళ్ళిపోయారు. పోయేముందు తన పాత దుర్భిణి నాకు చూపించి, దీన్ని తుడుస్తూ ఉండమని మాత్రం అన్నారు. కొత్తగా వచ్చిన డాక్టరు మంచివాడే, నా ఈడువాడు, ఇంటినిండా మనుషులు. నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

పిల్ల బతికిన ఇల్లు ఇక మా దవాఖాన వైపు రాలేదు. అది నేను ఊహించిందే. బారసాల ఘనంగా చేశారని, ఊరందరినీ పిలిచారని ఇంటావిడ చెప్పింది. అత్తగారు ఒక్కసారి వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు.

"ఇగ నేను రాను బిడ్డా. ఊకె ఎందుకు పోతున్నవని అడుగుతున్నరు. పిల్ల పెరుగుతుంది, రేపు దానికి సంబంధాలు చూడాలె. ఎవ్వరన్న ఏమన్న అంటే..."

"రాకండ్రి అమ్మా," అన్నాను. "మీరు చెప్పింది నిజమే."

ఆమె నా గడ్డం పట్టుకుంది, వదిలింది. ఆ తరువాత బజారులో ఎదురైనప్పుడు మేమిద్దరం ఒకరినొకరు ఎరగనట్టే నడిచేవాళ్ళం. ఆమె నడక మెల్లబడడం, కర్ర పట్టుకోవడం నేను దూరం నుంచే చూశాను. ఆ ఇంటి పిల్ల నడవడం నేర్చుకుంది. ఒకసారి బట్టల దుకాణం ముందు తండ్రి భుజం మీద కూర్చుని ఉంది. అతను నన్ను చూసి పిల్లను అవతలి భుజానికి మార్చుకున్నాడు. కోపంతో కాదు, భయంతో. నా గుండె మాత్రం ఆ తేడా పట్టించుకోలేదు.

అత్తగారు చలికాలంలో పోయింది. ఆ సంగతి నాకు దవాఖానలో రోగులు మాట్లాడుకుంటుంటే తెలిసింది. పాడె మా దవాఖాన ముందు నుంచే పోతుందని తెలుసు. పోయి చివరిసారి చూడాలనిపించింది. నర్సమ్మకు ఈ ఇంటితో ఏం సంబంధమని ఒక్కరు అడిగినా, ఆమె అన్నేళ్ళు దాచుకున్నది బయటపడుతుంది. కిటికీ దగ్గర నిలబడ్డాను. ముందు డప్పులు, వెనక కొడుకు, జనం. మట్టి రోడ్డు మీద లేచిన దుమ్ములో ఏమీ సరిగా కనబడలేదు. లోపల కట్టు మార్చమని ఎవరో పిలుస్తున్నారు. అందరూ పోయేదాకా నేను కదలలేదు.

కొన్ని నెలల తరువాత ఒక ఉదయం చీటీల వరసలో ఆ కోడలు కనిపించింది. పిల్లకు జ్వరం, దగ్గు. తోడుగా పక్కింటావిడ. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది, చేతుల నిండా గాజులు. వాళ్ళ వంతు వచ్చేసరికి పక్కింటావిడ నన్ను చూపించి, ఈ నర్సమ్మ నీకు ఎరికేనా అని అడిగింది.

"లేదు," అందామె. "నేనిటు ఎప్పుడు రాలే."

అది చెప్పేటప్పుడు ఆమె నా కళ్ళలోకే చూసింది. ఆ చూపులో క్షమించమన్నట్టు ఉందో, కృతజ్ఞత ఉందో, రెండూ లేవో, నేను ఇప్పటికీ తేల్చుకోలేను. నేను కొత్తవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాను. ఎన్నాళ్ళ నుంచి జ్వరమని అడిగాను. పిల్ల చంకలో జ్వరమాని పెట్టి, అది జారకుండా చిన్న చేతిని దగ్గరికి అదిమి పట్టుకున్నాను. అరచెయ్యి తెరిచి చూడాలనిపించింది. చూశాను. మెత్తగా, శుభ్రంగా ఉంది, మధ్యలో బెల్లం మరక.

చీటీ మీద రాయడానికి కలం తీసుకుని పిల్ల పేరేమిటని అడిగాను. తల్లి చెప్పింది. నేను ఈ లోకంలోకి తీసుకొచ్చిన ఆ పిల్ల పేరు నాకు తెలిసింది ఆ రోజే.